బొందు మచ్చ

మధ్యలో వారం గడిచింది కాబట్టి మరిచిపోయినవాళ్ళ కోసం కథ ఎక్కడుందో ఒకసారి చెప్పుకుందాం. అరుణకుమారి నడుం మీద, కుడిపక్కన, లంగా బొందు ముడిపడే చోట ఏడాదిగా మానని పుండు ఒకటుంది. ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకి పంపితే, చర్మానికి వచ్చే క్యాన్సరని తేలింది. ఇంకా పైపైనే ఉంది, లోపలికి దిగలేదు, గజ్జల్లో బిళ్ళలు కూడా లేవు, ఇప్పుడే వైద్యం చేస్తే మొత్తం పోతుంది అంది డాక్టర్ ఛాయ. దారులు రెండు చెప్పింది. పుండుని, చుట్టూ వేలెడంత మంచి చర్మంతో సహా కోసి తీసేసి కుట్లు వేయడం ఒకటి. మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషన్ రెండోది. దానికి వారాల తరబడి రోజూ భిలాయి నుంచి రాయపూర్ వెళ్ళి రావాలి. తననడిగితే కొయ్యడమే మేలంది. కోసిన ముక్కని పరీక్ష చేస్తే రోగం అంచులతో సహా వచ్చేసిందో లేదో తెలుస్తుంది, కరెంటుకి ఆ వీలు లేదు.

డాక్టరమ్మ ఆ మాట చెప్పి నెల కావస్తోంది. ఈలోగా భర్త త్రినాథరావు ఒక్కడే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళొచ్చానన్నాడు. "పుండు ఎండితే గానీ కత్తి పెట్టరట. అందాకా ఇది రాయమన్నాది" అంటూ చిన్న ప్లాస్టిక్ డబ్బీలో నల్లటి మందు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆసుపత్రి మందుల గదిలో లేపనాలు అలాంటి డబ్బీల్లోనే ఇస్తారు. అందుకని అరుణకుమారి మారుమాట్లాడకుండా రెండుపూటలా రాసింది. రాసిన ప్రతిసారీ ప్రాణం పోయేంత మంట. పళ్ళు బిగబట్టుకుని భరించింది. పుండు మీద నల్లగా పొక్కు కట్టి ఎండుతుంటే సంబరపడింది కూడా.

ఇక ఈ ఆదివారం సంగతి.

పొద్దున్న టిఫిన్లయ్యాక, సెక్టార్ ఐదులోని ఆ క్వార్టరు ముందుగదిలో కొలువు తీరింది. ఎవరి నడుం గురించి కొలువో ఆవిడకి మాత్రం అందులో కుర్చీ లేదు. ఆవిడ వంటింట్లో టీ కాస్తోంది.

పెద్ద కుర్చీలో వాసుదేవరావు కూర్చున్నాడు. ఈయన ఉక్కు ప్లాంటు స్టోర్సులో నట్లకీ బోల్టులకీ చీటీలు కట్టి రిటైరైన మనిషి. పోటీకి ఎవరూ నిలబడని ఎన్నికలో గెలిచి ఆంధ్రా సంఘానికి కార్యదర్శి అయ్యాడు, అప్పట్నుంచి దిగలేదు. భిలాయిలో ఏ తెలుగువాడికి తుమ్ము వచ్చినా ముందు తనకి కబురు రావాలి, రాకపోతే అలుగుతాడు. రోగులని చూడడానికి పళ్ళు పట్టుకెళ్ళి పట్టుకెళ్ళి, తనకి వైద్యం వచ్చేసిందన్న నమ్మకం కుదిరిపోయింది. ఆయనకి ఎదురుగా, ఖుర్సీపార్ నుంచి ఆటోలో వచ్చిన పోలమ్మ. త్రినాథరావుకి అక్క. ఆవిడ మాటంటే తమ్ముడికి రాతి మీద గీత. ఇద్దరికీ మధ్య స్టూలు మీద త్రినాథరావు. రైలు మిల్లులో ఎర్రగా కాలిన పట్టాలు ఎదురుగా దూసుకొస్తుంటే బెదరని మనిషి, ఇంట్లో అక్క గొంతు సవరించుకుంటే చాలు, భుజాలు ముడుచుకుంటాడు.

"కోత వొద్దురా తమ్ముడూ," అంది పోలమ్మ. "కత్తి తగిలితే అది ఒళ్ళంతా పాకీసిద్ది. మన గోపాలం పెళ్ళానికేటయినాది? కోసినారు. ఆర్నెల్లు తిరిగిందేటి?"

"ఆవిడకి వచ్చింది కడుపులో వదినా," అంది అరుణకుమారి వంటింట్లోంచి. "అదీ ఇంక లేవలేనప్పుడు తీసుకెళ్ళారు."

"ఎక్కడొస్తే ఏటే, ఆ జబ్బు ఆ జబ్బే!"

వాసుదేవరావు చెయ్యెత్తాడు. మైకు ముందు నిలబడి చప్పట్లు ఆగడం కోసం చూసేవాడిలా కాసేపు ఆగి, "చెల్లెమ్మా, నీకెందుకమ్మా ఈ బెంగంతా? ఇలాంటివి మగవాళ్ళం మాట్లాడుకుంటున్నాం కదా" అన్నాడు.

"పుండు మగవాళ్ళకి లేచిందేటి అన్నయ్యగారూ?"

పోలమ్మకి నవ్వు రాబోయింది గానీ మింగేసింది. త్రినాథరావు పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. టీ గ్లాసులు పట్టుకుని అరుణకుమారి గదిలోకి వచ్చింది. ఒంటి మీద నైటీ ఉంది. నడుం మీద ఒరిపిడి తగలకూడదని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. బొందు బిగించి కట్టే అలవాటుకే ఈ పుండు లేచిందనీ, ముప్ఫై ఏళ్ళుగా ఒకే చోట తాడు కోసుకుపోతుంటే చర్మం ఎన్నాళ్ళని ఓర్చుకుంటుందనీ, ఇలాంటి కేసులు తను ఇంతకుముందు కూడా చూశాననీ చెప్పింది. అలా చెప్పినప్పుడు అరుణకుమారి నమ్మలేదు. బొందు మచ్చ లేని ఆడది ఈ భిలాయిలో ఉందా? నడుం చుట్టూ ఆ నల్లచార చూసుకుని ఏ ఆడదైనా అది కూడా ఒంట్లో భాగమే అనుకుంటుంది తప్ప, జబ్బు అనుకుంటుందా? తనూ అనుకోలేదు. చార తెల్లబడ్డా, దురద పెట్టినా, పగిలినా, దాని మీదే మళ్ళీ బొందు బిగించి ముడేసి, బీరువా తాళాలు దోపుకుని పనిలో పడింది.

పోలమ్మ కళ్ళు నైటీ మీద పడ్డాయి.

"పట్టపగలు, పెద్దమనుషులు వచ్చినప్పుడు ఇదేం గుడ్డే?"

"బొందు కట్టకూడదన్నారు వదినా."

"ఇంక జన్మంతా ఇదే యేసుకుంటావేటి? పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఇలాగే వొస్తావా? వదులుగా కడితే చీర నిలుస్తాదేటి, సుపేలా బజారు నడిమధ్యన ఊడిపోదూ? మాయమ్మ బిగించి కట్టినాది, మాయమ్మమ్మ బిగించి కట్టినాది. ఏ ఒక్కర్తికైనా వచ్చిందేటి?"

"మీ అమ్మమ్మకి లంగా ఎక్కడిది వదినా? ఆ రోజుల్లో మీ ఊళ్ళో లంగా కట్టిన మనిషెవరో చెప్పు చూద్దాం."

లంగా అన్న మాట వినగానే వాసుదేవరావు మెడ ఎత్తి తిరుగుతున్న ఫ్యానుని పరీక్షగా చూడడం మొదలుపెట్టాడు. ఓరి నీ సిగ్గు తగలెయ్య, అనుకుంది అరుణకుమారి. నా పుండు గురించి తీర్పు చెప్పడానికి పనిగట్టుకుని వచ్చావు, అది ఎక్కడుందో వినడానికి మాత్రం సిగ్గేసిందా? పొద్దున్నుంచి ముగ్గురూ 'అది', 'ఆ చోట' అంటున్నారే గానీ నడుం అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. ఇంతలేసి మనుషులు తన ప్రాణానికి దారి చూపిస్తారట!

"సరే, ఇప్పుడేటంటారు?" అంది గ్లాసులు బల్ల మీద పెట్టి. "రేపు నేను ఆసుపత్రికి వెళ్తున్నాను. పుండు ఎండింది కాబట్టి కోసెయ్యమంటాను. రాయపూర్ బస్సుల్లో వారాల తరబడి పడి తిరగడం నావల్ల కాదు. పైగా కోస్తేనే రోగం మొత్తం పోయిందో లేదో తెలుస్తుందట. నా నిర్ణయం అయిపోయింది. టీ తాగి వెళ్ళండి."

"తొందరపడకమ్మా," అన్నాడు వాసుదేవరావు ఫ్యాను మీంచి చూపు దించి. మొహంలో చిరునవ్వు కూడా వెలిగింది. "కోతా వద్దు, కరెంటూ వద్దు. ఆ రెండూ డాక్టర్ల దారులు. చక్కగా పనిచేస్తున్న మందు చేతిలో పెట్టుకుని కత్తి కింద పడుకుంటారటమ్మా ఎవరైనా? ఇరవై రోజుల్లో ఎండిపోయిందని త్రినాథ్ చెప్పాడు. ఇంకో నెల రాశావంటే పొక్కు ఊడిపోయి, వేళ్ళతో సహా బయటికి వచ్చేస్తుంది. నేను దగ్గర కూర్చుని నూరించాను మరి."

"ఏది నూరించారు?"

"మందమ్మా, మందు! సుపేలా వెనకాల ఒకాయన ఉన్నాడు, అడవి మూలికల వైద్యుడు. ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వడు. సంఘం కార్యదర్శినని చెబితే ఇచ్చాడు. నల్లజీడి, మైలుతుత్తం, ఇంకా ఏవో వేర్లు..."

పేపరు వెనకాల త్రినాథరావు కదల్లేదు. పేపరు మాత్రం ఇంకాస్త పైకి లేచింది.

నల్లజీడి! ఆ మాట తలలోకి ఎక్కడానికి అరుణకుమారికి కాస్త సమయం పట్టింది. చిన్నప్పుడు విజయనగరంలో చాకలామె బట్టల మీద గుర్తులు పెట్టే గింజ. ఆ రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కి పుళ్ళు పడతాయని, పిల్లల్ని దాని దరిదాపులకి రానిచ్చేవారు కాదు. దాన్ని మూడు వారాలు, రెండుపూటలా, తన చేత్తో తను, క్యాన్సర్ పుండు మీద పూసుకుంది. మండుతుంటే ఆసుపత్రి మందు కదా, గట్టిదని మురిసిపోయింది. ముందు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ తరువాత స్టూలు మీది మనిషి వైపు తిరిగింది.

"పేపరు తియ్యండి."

తీశాడు.

"డాక్టరమ్మ ఇచ్చిందన్నారు."

"అరుణా, అది కాదు..."

"డాక్టరమ్మని ఎప్పుడు కలిశారు?"

"వెళ్ళాను. వెళ్ళలేదని అననీ ఎవరినైనా. బయట బల్ల మీద కూర్చున్నాను. నా నంబరు పిలిచారు. లేవలేకపోయాను."

"లేవలేకపోయారు! కాళ్ళు పడిపోయాయేటి?"

"మా నాన్నకి షుగరు పుండుకి ముందు బొటనవేలు తీశారే," అన్నాడు త్రినాథరావు. "తరవాత పాదం తీశారు. తరవాత మోకాలు దాకా తీశారు. తీసిన ప్రతిసారీ ఇంతటితో సరి అన్నారు. కొయ్యడం మొదలెడితే ఆగదే అరుణా. నిన్నలా చూడలేను. ఎండిపోతే డాక్టరమ్మే వద్దంటాదనుకున్నాను."

ఇంకెవరైనా అయితే జాలిపడేవారు. అరుణకుమారి పడలేదు. చూడలేడట! చూడాల్సింది ఈయనా, పడాల్సింది తనా? భయపడితే భయపడ్డానని చెప్పొచ్చు, పెళ్ళాం కొంగు పట్టుకుని ఏడవచ్చు, ఏ మగాడూ దానికి చచ్చిపోలేదు. భయాన్ని డబ్బీలో పెట్టి, ఆసుపత్రి మందని అబద్ధమాడి తన ఒంటికి పూయించాడు. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి పిరికివాడని ఆవిడకి ఎప్పుడో తెలుసు. ఇంత నీచంగా పిరికివాడని మాత్రం ఈరోజే తెలిసింది.

ఆవిడ లోపలికి వెళ్ళి డబ్బీ తెచ్చింది. మూత తీసి వాసుదేవరావు ముందు పెట్టింది.

"అన్నయ్యగారూ, మీ చేతి మీద చిటికెడు రాసుకోండి."

"నాకెందుకమ్మా? నాకు రోగం లేదు కదా!"

"లేదు కాబట్టే. మంచి మందైతే మంచి చర్మాన్ని ఏం చేస్తుంది? రాసుకోండి. టీ అయ్యేదాకా ఉంచి కడిగేసుకోండి."

"అదేం మాటమ్మా, ఒక్కొక్కరి ఒంటి తత్వం ఒక్కోలా..."

"రాసుకోండి!"

వాసుదేవరావు రెండు చేతులూ ఒళ్ళోకి లాక్కుని, లాల్చీ అంచు కిందికి దోపుకున్నాడు. ఆయనకి హఠాత్తుగా సంఘంలో మీటింగు ఉన్న సంగతి జ్ఞాపకం వచ్చింది. మంచికి పోతే ఇలాగే ఉంటుందనీ, ఆడవాళ్ళకి చదువెక్కువైతే ఇంతేననీ గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటూ గొణిగాడు. అరుణకుమారి చదివింది ఎనిమిదో తరగతి. ఆ పాటి చదువు కూడా ఈయనకి ఎక్కువగానే కనబడింది.

"మందు సంగతి నాకూ తెల్దే," అంది పోలమ్మ, తమ్ముడి వైపు చూడకుండా. "వొట్టు."

"తెలిస్తే వద్దనేదానివా వదినా?"

పోలమ్మ లేచి, ఆటో దొరకదేమోనంటూ వెళ్ళిపోయింది. గదిలో మొగుడూ పెళ్ళాం మిగిలారు.

"రేపు నాతో రండి," అంది అరుణకుమారి. "డాక్టరమ్మ ముందు మీ నోటితో మీరే చెప్పాలి. నేనే తెచ్చుకుని పూసుకున్నానని చెప్పారో, మళ్ళీ ఈ ఇంట్లో మీకు నా చేతి తిండి లేదు."

సోమవారం డాక్టర్ ఛాయ గదిలో త్రినాథరావు ఎదురుగానే నిలబడ్డాడు. డాక్టరమ్మది నాగపూర్. ఆవిడకి తెలుగు రాదు, ఈయన హిందీ మిల్లులో నేర్చిన హిందీ. "మేడమ్, దవా మై లాయా థా," అన్నాడు. మందు నేనే తెచ్చానన్న ఆ ఒక్క ముక్క అనడానికి మూడుసార్లు మొదలుపెట్టాడు. తక్కినదంతా అరుణకుమారే నల్లజీడి సహా విడమరిచి చెప్పింది. డాక్టరమ్మ వింటూనే చేతులకి తొడుగులు వేసుకుంది. అరవలేదు. త్రినాథరావు వైపు ఒకసారి చూసి, బయట నిలబడమని కర్టెన్ లాగేసింది. అరిచినా ఆయనకి అంత సిగ్గు వేసేది కాదు.

పొక్కు తడిపి తడిపి ఎత్తారు. అరుణకుమారి బల్ల అంచు పట్టుకుని గోడ వైపు చూస్తూ పడుకుంది. ఎండిందనుకున్నది పైకే. కింద ఎర్రగా, చిత్తడిగా ఉంది, చీము కూడా పట్టింది. చుట్టూ ఉన్న మంచి చర్మం కూడా కాలి కమిలిపోయింది.

"ఆ రోజు నాకు దీని అంచు స్పష్టంగా కనిపించింది," అంది డాక్టరమ్మ హిందీలో, నెమ్మదిగా. "ఎంతవరకు కొయ్యాలో తెలిసింది. ఇప్పుడు ఏది రోగమో, ఏది మందు కాల్చిన చోటో నాకు తెలియడం లేదు. అప్పుడు వేలెడు చాలన్నాను. ఇప్పుడు అరచేయంత తియ్యాలి. కుట్లు కలవవు, తొడ మీంచి చర్మం తీసి అతకాలి."

"కరెంటు?"

"ఇలా కాలిన చర్మం మీద నేను పెట్టమనను."

రెండు దారుల్లో ఒకటి మూసుకుపోయింది. రెండోది వెడల్పయింది. అరుణకుమారి తొడ మీద చెయ్యి వేసుకుని చూసుకుంది, అక్కడినుంచీ తీస్తారట. ఏడవాలనిపించింది. కర్టెన్ కింద ఆ మనిషి బూట్లు కనబడుతుంటే ఏడవబుద్ధి కాలేదు.

"కొయ్యండి డాక్టరమ్మా," అంది. "ఎంత కావాలంటే అంత కొయ్యండి. నేను చేయించుకుంటాను. మొదట్లోనే ఉంది కదా, పోతుంది కదా?"

డాక్టరమ్మ జవాబు చెప్పబోతూ, అలవాటు కొద్దీ గజ్జల్లో వేళ్ళు వేసి తడిమింది. ఎడమపక్క చూసింది. కుడిపక్క చూసింది. కుడిపక్క వేళ్ళు ముందుకి కదలకుండా ఆగిపోయాయి. అక్కడే మళ్ళీ మెల్లగా నొక్కింది.

"ఇది ఎప్పట్నుంచి ఉంది?"

"ఏటది?"

డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. చర్మం కింద గట్టిగా, బఠాణీ గింజంత బిళ్ళ తగిలింది.

"పోయినసారి ఇది లేదు," అంది డాక్టర్ ఛాయ. "నేను చూశాను, లేదు. పుండు చీము పట్టినా ఇలా బిళ్ళ కడుతుంది. ఆ మందు కాల్చినందుకే కట్టి ఉంటే, పుండు తగ్గగానే అదే కరిగిపోతుంది, భయం లేదు. కానీ రోగం కిందికి దిగినా బిళ్ళ కడుతుంది. అలా అయితే మొదటి దశ అని నేనన్న మాట వెనక్కి తీసుకోవాలి. అప్పుడు ఆపరేషన్ వేరు, అన్నీ వేరు. చేత్తో చూసి నేను చెప్పలేను. ఇప్పుడే సూది పెట్టి కొంచెం తీసి పరీక్షకి పంపుతాను. ఆ రిపోర్టు వచ్చేదాకా కత్తి పెట్టను."

నర్సుని పిలవడానికి డాక్టరమ్మ అవతలి గదిలోకి వెళ్ళింది. మాటలన్నీ కర్టెన్ అవతలికి వినబడ్డాయని అరుణకుమారికి తెలుసు. బూట్లు ఒకసారి ముందుకి వచ్చి, లోపలికి రావడానికి ధైర్యం చాలక వెనక్కి వెళ్ళాయి. తరువాత గొంతు వినబడింది. త్రినాథరావు మొక్కుకుంటున్నాడు.

"సింహాద్రప్పన్నా, నా మందు వల్లే అయ్యుండాల. నాను సేసిన పాపం వల్లే అయ్యుండాల తండ్రీ. ఇంక దేనివల్లా కాకూడదు."

ఛీ, అనుకుంది అరుణకుమారి. తాళికట్టిన మనిషి తన పాపమే నిజమవ్వాలని దేవుణ్ణి వేడుకోవడం ఎక్కడైనా ఉందా? లేచి కర్టెన్ తీసి మొహాన ఉమ్మేయాలనిపించింది. లేవలేదు. వేళ్ళు బిళ్ళ మీదనుంచి రావడం లేదు. అది ఆ దిక్కుమాలిన డబ్బీ చేసిన పనే అయితే, తను బతుకుతుంది. ఈ మనిషి నీచత్వమే ఇప్పుడు తనని కాపాడాలి, ఇంకో దారి లేదు. అరుణకుమారి కళ్ళు గట్టిగా మూసుకుని, ఆయన్ని లోలోపల బండబూతులు తిట్టుకుంటూనే, ఆయన మొక్కునే మాట పొల్లుపోకుండా తనూ మొక్కింది. సూది పట్టుకుని నర్సు లోపలికి వచ్చింది.